శైత్యానికి కొత్త దారులు: ఇంటి రిఫ్రిజిరేటరు, విద్యుత్ పొదుపు

ఇంటిలోని విద్యుత్ పరికరాలలో రాత్రింబగళ్లు విశ్రాంతి ఎరుగనిది రిఫ్రిజిరేటరు ఒక్కటే. దీపాన్ని ఆర్పివేస్తాము, పంకాను ఆపివేస్తాము, టెలివిజన్ మనతోపాటే నిద్రపోతుంది. రిఫ్రిజిరేటరు మాత్రం ఇంటికి వచ్చిన దినం మొదలు పనికిరాకుండా పోయే దినం వరకు, పది పదిహేను సంవత్సరాలపాటు, మధ్యమధ్య కొద్ది నిమిషాల విరామంతో, విద్యుత్తును తీసుకొంటూనే ఉంటుంది. అందుచేత దాని పనితనంలో కలిగే స్వల్పమైన మార్పు కూడ సంవత్సరాంతానికి గణనీయమైన మొత్తమవుతుంది. సామాన్య కుటుంబం చెల్లించే కరెంటు బిల్లులో ఈ మొత్తం స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ యంత్రానికి ప్రాణమైన కంప్రెసరు దాదాపు రెండు శతాబ్దాల నాటి ఆలోచన. దానిని తొలగించి, వాయువులు లేకుండా, చప్పుడు లేకుండా, ఒక ఘనపదార్థపు ముక్కతోనే శైత్యాన్ని కలిగించాలని శాస్త్రజ్ఞులు నేడు పలు దేశాలలో కృషి చేస్తున్నారు. ఆ కృషి ఎంతవరకు వచ్చినది, ఎక్కడ చిక్కుపడినది అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం. ముందుగా ఒక మాట మనవి చేయవలె. శైత్యాన్ని పుట్టించడం ఇందులో అంత కష్టమైన పని కాదు. లోపలి ఉష్ణాన్ని వేగంగా, తక్కువ ఖర్చుతో మోసుకొనిపోయి బయట పారవేయడమే కష్టం. కొత్త పద్ధతుల జయాపజయాలన్నీ ఈ ఒక్క అంశం మీదనే ఆధారపడి ఉన్నవి.

శైత్యమనే వస్తువు ప్రకృతిలో విడిగా లేదు. ఉష్ణం తొలగిపోవడమే శైత్యం. మట్టికుండలోను, సురాహీలోను నీరు చల్లబడేది ఈ విధంగానే. పాత్ర చెమర్చి, బయటికి వచ్చిన తడి ఆవిరి అవుతుంది. వేసవి ఉష్ణోగ్రత వద్ద ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల ఉష్ణం కావాలి. దానిని లోపలి నీటినుండియే గ్రహిస్తుంది. గాలిలో అప్పటికే తేమ ఎక్కువగా ఉన్నచోట ఈ విద్య పారదు. రాయలసీమలో, తెలంగాణలో కుండనీరు చల్లగా ఉన్నంతగా సముద్రతీరంలో ఉండకపోవడానికి కారణమిదే.

మన దేశంలో మరొక పద్ధతి కూడ ఉండేది. అక్బరు చక్రవర్తి ఆస్థానంలో సూరేకారంతో తాగేనీటిని చల్లబరిచే విధానాన్ని అబుల్ ఫజల్ తన 'ఆయినె అక్బరీ'లో వర్ణించినాడు. ఉర్దూలో శోరా అని పిలిచే ఈ లవణం నీటిలో కరిగేటప్పుడు ఉష్ణాన్ని పీల్చుకొంటుంది. ఆ ద్రావణంలో నీటిపాత్రను మూతి బిగించి ఉంచి తిప్పుతూ ఉంటే లోపలి నీరు చల్లబడుతుంది. తుపాకిమందులో మంటను రేపే పదార్థమే పానశాలలో చలువను ఇవ్వడం ఆనాటివారికి వింతగా తోచినది. ఈ సూరేకారపు ముచ్చటకు వ్యాసం చివరలో మళ్లీ రావలసి ఉన్నది.

ఇక యంత్రం సంగతి. లండనులో నివసించిన అమెరికన్ జాకబ్ పెర్కిన్స్ 1834లో ఈథర్ ద్రవంతో పనిచేసే శీతలీకరణ యంత్రానికి పేటెంటు పొందినాడు. నేటి రిఫ్రిజిరేటరుకు మూలపురుషుడు అదే. సులభంగా ఆవిరయ్యే ద్రవం లోపలి గొట్టాలలో ఆవిరై అక్కడి ఉష్ణాన్ని గ్రహిస్తుంది. కంప్రెసరు ఆ ఆవిరిని నొక్కి వేడెక్కించి వెనుకవైపు గొట్టాలలోకి పంపుతుంది. అక్కడ అది తన ఉష్ణాన్ని గదిలోని గాలికి వదలి మళ్లీ ద్రవమవుతుంది. ఆ ద్రవం సన్నని కేశనాళిక గుండా పోయి, పీడనం తగ్గి, తిరిగి లోపలికి చేరుతుంది. ఏతం తొక్కి పల్లపు నీటిని మెరక పొలానికి తోడినట్లు, ఈ యంత్రం చల్లని చోటినుండి వేడి చోటికి ఉష్ణాన్ని తోడుతున్నది. మెరక ఎంత ఎత్తయితే అంత శ్రమ. వెనుక గోడకు ఆనించి గాలి ఆడకుండా పెట్టిన రిఫ్రిజిరేటరు ఎక్కువ విద్యుత్తు తినడానికి హేతువిదియే. బయటి గొట్టాలు మరింత వేడెక్కితే మెరక మరింత ఎత్తవుతుంది.

ఈ శ్రమకు ప్రకృతి విధించిన కనిష్ఠ హద్దును ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో 1824లో ప్రకటించిన సిద్ధాంతం ఆధారంగా లెక్కకట్టవచ్చును. ఒక పాలు విద్యుత్తుకు ఎన్ని పాళ్ల ఉష్ణం బయటికి తరలినదో దానిని శీతలీకరణ గుణకం అందాము. మంచుగడ్డ కట్టే అరలోని గొట్టం సున్నకు 23 డిగ్రీలు దిగువన, అనగా 250 కెల్విన్ వద్ద, ఉన్నదనుకొందాము. మన వేసవి వంటగది 40 డిగ్రీలు, అనగా 313 కెల్విన్. భేదం 63. ఆదర్శ గుణకం 250ని 63 చేత భాగించగా వచ్చిన సుమారు 4. దీనిని మించగల యంత్రం లేదు, ఉండబోదు. చక్కని కంప్రెసరు ఈ హద్దులో మూడవ వంతు నుండి సగం వరకు అందుకొంటుంది. కొత్త పద్ధతి ఏదైనా సరే, మొదట ఈ ముసలి యంత్రాన్ని గెలవవలె. దీనిని మరచి వ్రాసే ప్రకటనలు బజారులో చాలా కనిపిస్తున్నవి.

కంప్రెసరు ముసలిదే గాని నిద్రపోయినది కాదు. అమెరికాలో 1970 దశాబ్ది మధ్యలో ఒక సగటు కొత్త రిఫ్రిజిరేటరు సంవత్సరానికి సుమారు 1,800 యూనిట్ల విద్యుత్తును వాడేది. కాలిఫోర్నియా రాష్ట్రం 1970 దశాబ్దిలోనే సామర్థ్య ప్రమాణాలను విధించడం మొదలుపెట్టినది. ఆ ఉద్యమానికి ఆర్థర్ రోజెన్‌ఫెల్డ్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు వెన్నెముకగా నిలిచినాడు. తరువాత దేశమంతటా ప్రమాణాలు వచ్చినవి. నేటి యంత్రం పరిమాణంలో పెద్దదై కూడ ఆనాటి వాడకంలో మూడవ వంతుకంటె తక్కువతో సరిపెట్టుకొంటున్నది. ఇందులో అద్భుతమైన ఆవిష్కరణ ఏదీ లేదు. గోడలలో మంచి నురుగు, తలుపుకు గట్టి రబ్బరు అంచు, మెరుగైన మోటారు, అంతే. ఆగి ఆగి పూర్తి బలంతో పనిచేసే మోటారుకు బదులు అవసరాన్ని బట్టి వేగం మార్చుకొనే ఇన్వర్టర్ కంప్రెసరు తరువాత వచ్చినది. ఖరీదైన నమూనాల గోడలలో, గాలిని తీసివేసి మూసిన పలకలను కూడ అమర్చుతున్నారు. అవి మామూలు నురుగుకన్న దాదాపు అయిదు రెట్లు మెరుగుగా ఉష్ణాన్ని అడ్డగిస్తాయి. మన దేశంలో 2006లో నక్షత్రాల గుర్తు పథకం మొదలైనది. మంచు పేరుకోని రిఫ్రిజిరేటర్లకు ఈ గుర్తు 2010 నుండి తప్పనిసరి అయినది.

వాయువుల విషయం కూడ క్లుప్తంగా చెప్పవలె. తొలి రిఫ్రిజిరేటర్లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు వంటి విషవాయువులుండేవి. అవి కారితే ఇంటివారికి ప్రాణాపాయం. వాటి స్థానంలో 1930 ప్రాంతంలో వచ్చిన ఫ్రియాన్ మనిషికి నిరపాయం, కాని ఆకాశంలోని ఓజోన్ పొరకు శత్రువు. మోలినా, రోలండ్ అనే రసాయన శాస్త్రజ్ఞులు 1974లో ఈ ప్రమాదాన్ని హెచ్చరించగా, 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరినది. తరువాత వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌ను తాకదు గాని, భూగోళాన్ని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకన్న వెయ్యి రెట్లకు పైగా బలమైనది. ఇట్టి వాయువులను క్రమంగా తగ్గించాలన్న 2016 నాటి కిగాలీ సవరణను భారతదేశం 2021లో ఆమోదించినది. ఇప్పుడు ఇంటి రిఫ్రిజిరేటర్లలో ఐసోబ్యూటేన్ విరివిగా వాడుతున్నారు. అది మండే వాయువే అయినా ఒక యంత్రంలో ఉండేది కొద్ది పదుల గ్రాములే, వాతావరణానికి చేసే హాని అత్యల్పం. అనగా ఇంటి రిఫ్రిజిరేటరు వరకు వాయువుల సమస్య చాలవరకు తీరినట్లే. కాబట్టి "మాలో వాయువు లేదు" అన్న ఒక్క కారణం చేత కొత్త యంత్రాన్ని మెచ్చుకోనక్కరలేదు. విద్యుత్ పొదుపులోనే అది తన యోగ్యతను నిరూపించుకోవలె.

పెర్కిన్స్ పేటెంటు పొందిన ఆ 1834వ సంవత్సరంలోనే ప్యారిస్‌లో జాన్ పెల్టియర్ మరొక వింతను గమనించినాడు. రెండు భిన్న లోహాల సంధిగుండా విద్యుత్తు ప్రవహిస్తే ఆ సంధి ఒక దిశలో వేడెక్కుతుంది, ప్రవాహాన్ని తిప్పితే చల్లబడుతుంది. నాలుగేళ్లకు లెంజ్ అనే శాస్త్రజ్ఞుడు బిస్మత్, ఆంటిమనీ సంధి మీద నీటిబొట్టును గడ్డకట్టించి చూపినాడు. ఒకే ఏడు పుట్టిన ఈ కవలలలో ఒకటి ప్రపంచమంతటా ఇంటింటికి చేరినది, రెండవది నూరేళ్లకు పైగా ప్రయోగశాల దాటలేదు. కారణం ఏమి?

విద్యుత్ ప్రవాహం ఉష్ణాన్ని చల్లని ముఖం నుండి వేడి ముఖానికి మోసుకొనిపోతుంది, నిజమే. కాని ఇద్దరు శత్రువులు వెంటనే ఎదురవుతారు. ప్రవాహం వల్ల పదార్థంలోనే జౌల్ ఉష్ణం పుడుతుంది, అందులో సగం చల్లని ముఖానికే చేరుతుంది. మరొకవైపు, వేడి ముఖం మీది ఉష్ణం ఆ పలుచని ముక్క గుండానే వెనుకకు పారివస్తుంది. విద్యుత్తును లోహంవలె సులభంగా పోనిచ్చి, ఉష్ణాన్ని గాజువలె అడ్డగించే పదార్థం కావాలి. లోహాలలో ఈ రెండు గుణాలు ఒకదానినొకటి విడువవు. 1950 దశాబ్దిలో రష్యాలో ఇయోఫే శిష్యబృందము, ఇంగ్లండులో గోల్డ్‌స్మిడ్ అర్ధవాహకాల వైపు దృష్టి మళ్లించిన తరువాతనే దారి తెరచుకొన్నది. బిస్మత్ టెల్లురైడు అప్పటినుండి నేటివరకు ఈ రంగానికి రాణి.

అయినా మామూలు పెల్టియర్ ఫలకం కార్నో హద్దులో పదవ వంతుకు కొద్దిగా అటూ ఇటూ మాత్రమే అందుకొంటుంది. కంప్రెసరుతో పోల్చితే అదే చలువకు ఎన్నో రెట్లు విద్యుత్తు కావాలన్నమాట. "కంప్రెసరు లేదు, కనుక కరెంటు తక్కువ" అనే ప్రచారాన్ని విద్యార్థులు నమ్మరాదు. అట్టి చిన్న పెట్టె తక్కువ వాట్లు తీసుకోవచ్చును, కాని అది తరలించే ఉష్ణం ఇంకా తక్కువ. దాని సుగుణాలు వేరే ఉన్నవి: తిరిగే భాగాలు లేవు, చప్పుడు లేదు, బరువు తక్కువ, 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. గోద్రెజ్ సంస్థ గ్రామాలలోని పేద కుటుంబాలను ఉద్దేశించి ఇట్టి ఫలకంతోనే 'ఛోటూకూల్' అనే చిన్న పెట్టెను రూపొందించినది. పాలు, కూరగాయలు, నీరు కొన్ని గంటలు చల్లగా ఉంటే చాలునన్న ఇంటికి అది మంచి ఆలోచనే. మంచుగడ్డ కావాలన్నవారికి అది చాలదు.

ఇటీవలి పరిశోధన ఈ కథను కొంత మార్చినది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన అప్లైడ్ ఫిజిక్స్ లేబొరేటరీలో రామా వెంకటసుబ్రమణియన్ నాయకత్వాన, శాంసంగ్ సంస్థ సహకారంతో జరిగిన కృషి 2025లో వెలువడినది. అణువుల పొరలను ఒకదానిపై ఒకటి నియమబద్ధంగా పేర్చిన అతి పలుచని పదార్థంతో వారు చేసిన పరికరం, మామూలు పెల్టియర్ పరికరంకన్న సుమారు 75 శాతం అధిక సామర్థ్యాన్ని చూపినది. ఒక్కొక్క ఖండానికి కావలసిన పదార్థం ఇసుకరేణువంత. పొరల హద్దులు ఉష్ణ తరంగాలను చెదరగొట్టి, ఎలక్ట్రాన్లను మాత్రం పోనిస్తాయి. ఇది ఘనమైన ముందడుగే. అయితే లెక్క వేసి చూడండి. మామూలు ఫలకపు గుణకం 0.4 అనుకొని, ఇదే నిష్పత్తిలో వృద్ధి కలిగినదనుకొంటే 0.7 అవుతుంది. కంప్రెసరు గుణకం సుమారు ఒకటిన్నర ఉంటుంది. బహుశా ఈ లెక్క తెలిసియే కాబోలు, శాంసంగ్ 2024లో కొరియాలో విడుదల చేసిన రిఫ్రిజిరేటరులో కంప్రెసరును తొలగించలేదు, పెల్టియర్ ఖండాన్ని దానికి తోడుగా చేర్చినది. మామూలు వేళ కంప్రెసరు తనకు అనువైన వేగంతో నడుస్తుంది. తలుపు పదేపదే తెరచినప్పుడు, వెచ్చని పదార్థాలు ఎక్కువగా పెట్టినప్పుడు, ఫలకం చేయి కలుపుతుంది. సమీప భవిష్యత్తులో ఇంటికి రాగలిగిన కొత్త పద్ధతి ఇట్టి జోడు బండియే అని నా అభిప్రాయం.

రెండవ దారి అయస్కాంతానిది. గడోలీనియం అనే లోహాన్ని బలమైన అయస్కాంత క్షేత్రంలోకి నెట్టితే వేడెక్కుతుంది, బయటికి లాగితే చల్లబడుతుంది. క్షేత్రంలో పరమాణువుల సూక్ష్మ అయస్కాంతాలన్నీ ఒకే వరుసకు వస్తాయి. వాటి క్రమరాహిత్యం తగ్గగా, ఆ లోటు పరమాణువుల ఉష్ణచలనంగా బయటపడుతుంది. 1933లో జియోక్, మెక్‌డూగల్ ఈ కిటుకుతోనే పరమశూన్యానికి ఒక డిగ్రీలో నాలుగవ వంతు దూరం వరకు పోయినారు. గది ఉష్ణోగ్రత వద్ద కూడ ఇది సాధ్యమని 1976లో నాసాకు చెందిన బ్రౌన్ చూపినాడు. గడోలీనియం క్యూరీ ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు దగ్గరగా ఉండడం ఆయనకు కలిసివచ్చినది. 1997లో అమెరికాలోని ఏమ్స్ ప్రయోగశాలలో పెచార్‌స్కీ, గ్ష్నైడ్నర్ ఇంకా బలమైన ఫలితమిచ్చే మిశ్రమాన్ని కనుగొన్న తరువాత ఆశలు రెట్టింపైనవి.

చిక్కు ఇక్కడనే ఉన్నది. శాశ్వతాయస్కాంతం ఇవ్వగల ఒక టెస్లా క్షేత్రంలో గడోలీనియం మార్చుకొనేది రెండు మూడు డిగ్రీలు మాత్రమే. మనకు కావలసినది యాభై అరవై డిగ్రీలు. అందుచేత ఆ లోహపు రేణువులను పొడవైన గొట్టంలో నింపి, క్షేత్రం మారినప్పుడల్లా నీటిని ముందుకు వెనుకకు నెట్టుతూ, ఒక్కొక్క అంచెలో కొద్దికొద్దిగా పోగుచేయవలె. మెట్లు కట్టి కొండ ఎక్కినట్లు. ఎక్కువ చలువకు ఎక్కువ వేగం కావాలి, వేగానికి సన్నని రేణువులు కావాలి, సన్నని రేణువుల సందున నీటిని నెట్టడానికి పంపుకు అధిక బలం కావాలి. పదార్థంలో మిగిల్చిన విద్యుత్తు పంపులో పోతుంది. హయర్ సంస్థ ఇతరులతో కలసి 2015లో లాస్ వేగాస్ ప్రదర్శనలో అయస్కాంత పద్ధతితో పనిచేసే ఒక చిన్న పానీయాల పెట్టెను చూపినది. గడ్డకట్టే శైత్యం అవసరం లేని పెట్టెను ఎన్నుకోవడంలోనే ఆ మెట్ల కష్టం తెలుస్తున్నది. నియోడిమియం అయస్కాంతాల ధర మరొక అడ్డంకి.

మూడవది సాగదీసే పద్ధతి. దీనిని విద్యార్థులు ఇప్పుడే పరీక్షించవచ్చును. వెడల్పైన రబ్బరు పట్టీని గబాలున సాగదీసి పెదవికి తాకించండి, వెచ్చగా తోస్తుంది. సాగిన స్థితిలోనే కొద్ది క్షణాలుంచి, ఒక్కసారిగా వదులు చేసి తాకించండి, చల్లగా తోస్తుంది. 1805లో ఈ ఫలితాన్ని ప్రకటించిన జాన్ గఫ్ అంధుడు. డాల్టన్‌కు విద్య నేర్పిన ఈ పండితునికి పెదవులే ఉష్ణమాపకాలు. రబ్బరుకు బదులు నికెల్, టైటానియం కలసిన నిటినాల్ మిశ్రలోహాన్ని సాగదీసి వదలితే ఉష్ణోగ్రత సుమారు 20 డిగ్రీలు మారుతుంది. గడోలీనియంతో పోల్చితే ఎంత తేడా! కంప్రెసరుకు ప్రత్యామ్నాయాలను పోల్చిచూసిన అమెరికా ఇంధన శాఖ నివేదిక ఒకటి 2014లో ఈ పద్ధతికి అగ్రస్థానమిచ్చినది. జర్మనీలోని సార్‌లాండ్ విశ్వవిద్యాలయంవారు 2024లో ఒక చిన్న నమూనా పెట్టెను ప్రదర్శించినారు. దీనికి అడ్డు లోహపు అలసట. సెకనుకు ఒక్కసారి సాగినా సంవత్సరానికి మూడు కోట్ల పదిహేను లక్షల సార్లు. పదేళ్లు తెగకుండా ఉండే తీగ కావాలి. లాగుటకు బదులు నొక్కితే లోహం ఎక్కువ కాలం నిలుస్తున్నది.

పీడనంతో చల్లబరిచే మెత్తని స్ఫటికాలు మరికొన్ని ఉన్నవి. రంగుల పరిశ్రమలో వాడే నియోపెంటైల్ గ్లైకాల్‌లో 2019లో అతి పెద్ద ఫలితాన్ని గుర్తించినారు. కాని వేలాది వాతావరణాల పీడనం కావాలి, పైగా ఆ పదార్థం మైనమువలె ఉష్ణాన్ని మెల్లగా పోనిస్తుంది. ఇంటికి రావడానికి ఇది చాలా దూరంలో ఉన్నది.

సూరేకారానికి మళ్లీ వద్దాము. 2023లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన డ్రూ లిల్లీ, రవి ప్రషర్ ఒక కొత్త చక్రాన్ని ప్రకటించినారు. ఎథిలీన్ కార్బొనేట్ అనే పదార్థం మన గది ఉష్ణోగ్రతకు కొంచెం పైననే కరుగుతుంది. అందులో సోడియం అయోడైడు అయాన్లు చేరితే, ఉప్పు చల్లిన మంచుగడ్డవలె, తక్కువ ఉష్ణోగ్రతలోనే కరగి పరిసరాల ఉష్ణాన్ని గ్రహిస్తుంది. అక్బరు కాలపు పానశాలలో కరిగిన సూరేకారాన్ని తిరిగి పొందాలంటే నీటిని ఇగిర్చవలసిందే. ఇక్కడ ఒక వోల్టుకన్న తక్కువ విద్యుత్ పీడనంతో అయాన్లను పొర గుండా వేరుచేయగా, పదార్థం మళ్లీ గడ్డకట్టి, చక్రం మొదటికి వస్తుంది. 25 డిగ్రీల మార్పును సాధించినారు. ద్రవం కనుక ఉష్ణాన్ని మోసుకొనిపోవడం ఘనపదార్థాలకన్న సులువు. అయాన్లు పొరను దాటే వేగమే ఇందులో మందం.

మన కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పెల్టియర్ ఫలకంతో ఒక ప్రయోగాన్ని చేర్చవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాను. నాలుగు సెంటీమీటర్ల చదరం, 127 జతల అర్ధవాహకాలు కలిగి, 12 వోల్టులతో నడిచే ఫలకం ఎలక్ట్రానిక్ సామాను దుకాణాలలో కొద్ది వందల రూపాయలకు దొరుకుతుంది. వేడి ముఖానికి అల్యూమినియం రెక్కల దిమ్మెను, చిన్న పంకాను తప్పక బిగించవలె. లేనిచో ఫలకం క్షణాలలో కాలిపోగలదు. చల్లని ముఖం మీద 100 గ్రాముల నీరున్న పలుచని రాగిపాత్రను ఉంచి, చుట్టూ దూది లేదా థర్మోకోల్ కప్పి, నిమిషనిమిషానికి ఉష్ణోగ్రతను వ్రాసుకోవలె. నీరు నిమిషానికి ఒక డిగ్రీ చల్లబడితే 420 జౌళ్లు, అనగా సెకనుకు 7 జౌళ్ల ఉష్ణం తరలినట్లు. అప్పుడు అమ్మీటరు 4 ఆంపియర్లు చూపితే ఖర్చయినది 48 వాట్లు. గుణకం 7ను 48 చేత భాగించగా సుమారు 0.15. తరువాత వోల్టులను సగానికి తగ్గించి మళ్లీ కొలవవలె. చలువ తగ్గుతుంది, కాని జౌల్ ఉష్ణం అంతకన్న వేగంగా తగ్గుతుంది కనుక, నీరు గదికన్న మరీ చల్లబడకముందు తీసిన కొలతలలో గుణకం పెరుగుతుంది. ఎన్ని వోల్టుల వద్ద గుణకం గరిష్ఠమో గ్రాఫు గీయడం డిగ్రీ విద్యార్థులకు రెండు తరగతుల పని.